ఇంటియొద్ద హామ్ రేడియో ఏరియలును, స్తంభమును నిలుపు విధము

రేడియో యనగానే మనకు వినెడి పెట్టెయే జ్ఞప్తికి వచ్చును. ఎక్కడనో యొకరు మాటలాడుదురు, మనము విందుము, బదులు చెప్పుటకు వీలులేదు. కాని సామాన్య గృహస్థుడును, విద్యార్థియు ప్రభుత్వపు అనుమతి పొంది తన యింటనుండియే దూరదేశములవారితో మాటలాడదగిన రేడియో యొకటి కలదు. దానినే హామ్ రేడియో యందురు. ఇది వ్యాపారమునకు గాని ధనార్జనకు గాని యేర్పడినది కాదు. విద్యకొఱకును, స్నేహముకొఱకును, ఆపదలో సాయముకొఱకును ఏర్పడినది. మన దేశమున 1921వ సంవత్సరముననే కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్త మొదలగువారు దీని నారంభించిరి. ప్రధానమంత్రిగా నుండిన రాజీవ్ గాంధీ గారును ఈ అనుమతి పొందినవారే.

ఈ విద్యయం దభిరుచి కలిగినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న, “ఎంత యెత్తు స్తంభము కావలెను?” అనునది. పట్టణములందలి గొప్ప టవరులను జూచి, అట్టివి లేనిదే రేడియో సాగదని పెక్కుమంది తలంతురు. ఆ తలంపు సరికాదని చూపి, మన అశ్వారావుపేట వంటి అడవి సీమలో ఇంటియొద్ద ఏరియలు నెట్లు కట్టవలెనో, స్తంభమును ప్రాణభయము లేకుండ నెట్లు నిలుపవలెనో తెలుపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము. ఆంటెనా యని నేడు పిలువబడు దానినే మేమిచ్చట ఏరియలని వ్రాయుచున్నాము.

దీని ప్రయోజనము

ఇది వేడుకకు మాత్రమే పనికివచ్చు విద్య యని యెవరైన తలంచినచో, 2004వ సంవత్సరపు సంగతిని వారికి జ్ఞాపకము చేయుదుము. హైదరాబాదునందు 1983లో స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారు ఆ యేటి డిసెంబరు నెలలో కొందఱు సహచరులతో అండమాను దీవులకు బోయి, పోర్టుబ్లెయరు నగరమున హామ్ కేంద్రమును నిలిపిరి. చాలకాలముగా ఆ దీవులనుండి హామ్ ధ్వని వినరాకుండుటచే, లోకమందలి హాములు ఆమె కేంద్రముతో మాటలాడుటకు కుతూహలపడుచుండిరి. ఆ నెల 26వ తేదీ ఉదయమున భూమి కంపించెను. సముద్రము పొంగి దీవులపై బడెను. టెలిఫోను మార్గములు చెడిపోయెను. వేడుకకై కట్టిన ఏరియలే అప్పుడు దీవులకును, దేశమునకును నడుమ వార్తల దారి యయ్యెను. తమవారి క్షేమము తెలియక తపించు కుటుంబములకు ఆ దారినే సమాచారము చేరెను.

మనకు సముద్రము దూరమే. కాని నీటి భయము దూరము కాదు. 1986 ఆగస్టు 16న భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమున కెక్కెను. 2022 జూలై 16న 71.3 అడుగులకు వచ్చెను. అచ్చట 43 అడుగులకు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చేయుదురు. దీనినిబట్టి ఆ వరదల తీవ్రతను చదువరు లూహింపవచ్చును. ఇక మన మండలమునందే గుమ్మడవల్లివద్ద నున్న పెద్దవాగు కట్ట 2024 జూలై 18న భారీ వర్షములకు తెగెను. కట్ట తెలంగాణమున నున్నది. దిగువనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశమున నున్నవి. నీటికి రాష్ట్రపు సరిహద్దు లేదు. రేడియో తరంగమునకును లేదు. ఇట్టి సమయమున ఒక గంట ముందు చేరిన మాట ఒక ప్రాణమును కాపాడగలదు. కరెంటు పోయి, సెల్‌ఫోను టవరులు మూగవోయిన రాత్రియందును, 12 వోల్టుల బ్యాటరీతో నడచు హామ్ యంత్రము పనిచేయును. ఐతే దానికి ఏరియలు ముందుగనే సిద్ధమై యుండవలెను. వరద వచ్చిన పిమ్మట దానిని కట్టబూనుట ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వంటిది.

ఏరియలు చేయు పని

ఉయ్యాలను దాని లయకు సరిపోవునట్లు నెట్టినచో, కొద్ది బలముతోనే అది పైపైకి పోవును. లయ తప్పి నెట్టినచో ఎంత బలమైనను వ్యర్థమే. ఏరియలు సంగతియు నిట్టిదే. యంత్రమునుండి వచ్చు విద్యుత్తు తీగలో ముందునకును వెనుకకును ఊగుచుండును. 7.1 మెగాహెర్ట్జు లనగా సెకనునకు 71 లక్షల మారులు ఊగుట. తీగ పొడవు ఆ లయకు సరిపోయినచో, పంపిన శక్తి తరంగములై బయటికి పోవును. సరిపోనిచో, అందు కొంత వెనుకకు మఱలి యంత్రమునకే చేరును. కనుక ఏరియలునకు ఎత్తుకంటె ముందు కొలత ముఖ్యము.

ఆ కొలత కట్టుట సులభము. రేడియో తరంగము సెకనునకు 30 కోట్ల మీటరులు పోవును. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగముయొక్క పొడవు మీటరులలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జులకు ఇది 42 మీటరులకు కొంచె మెక్కువ. అందు సగము 21 మీటరులు. తీగ మందమునుబట్టియు, చివరల కట్టులనుబట్టియు దానిలో సుమారు నూటికి అయిదు వంతులు తగ్గింపవలెను. ఈ లెక్క యంతయు నొక చిన్న సూత్రములో నిముడును: 143ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగింపుడు, అదియే తీగ మొత్తము పొడవు. ఈ ప్రకారము 7.1 మెగాహెర్ట్జులకు 20.1 మీటరులును, 14.2 మెగాహెర్ట్జులకు సుమారు 10.1 మీటరులును, 3.6 మెగాహెర్ట్జులకు 39.7 మీటరులును కావలెను.

ఈ తీగను సరిగా నడుమకు రెండుగా కోసి, ఆ చోట పింగాణి ఇన్సులేటరు నొకదానిని పెట్టి, రెండు ముక్కల కొనలకు కేబులు కలుపవలెను. దీనినే డైపోలు అందురు. లోకమందలి హాములలో లెక్కకు మిక్కిలిమంది దీనితోనే అక్షరాభ్యాసము చేసినవారు. రెండు మిల్లీమీటరుల మందముగల రాగి తీగ దీనికి చాలును. చివరల నైలాను త్రాళ్ళు కట్టి లాగవలెను. తీగకును త్రాటికిని నడుమ ఇన్సులేటరు తప్పక యుండవలెను. ఇన్సులేటరు దొరకనిచోట మందమైన ప్లాస్టికు గొట్టపు ముక్కకు రెండు రంధ్రములు చేసి వాడుకొనవచ్చును.

తీగను మొదటనే సూత్రము చెప్పినంత పొడవునకు కోయరాదు. కొంచెము మిగులు నుంచవలెను. కోసిన తీగను అతుకుట కష్టము, మిగిలిన తీగను కోయుట సులభము. ఉదాహరణమునకు మొత్తము 20.8 మీటరుల తీగ కట్టి పరీక్షింపగా, అది 6.9 మెగాహెర్ట్జులవద్ద లయకు వచ్చిన దనుకొందము. మనకు 7.1 కావలెను. 20.8ని 6.9చే గుణించి 7.1చే భాగించినచో సుమారు 20.2 వచ్చును. అనగా ఒక్కొక్క ప్రక్క ముప్పది సెంటీమీటరులకు కొంచెము తక్కువగా కోయవలెను. ఎనిమిదవ తరగతి గణితము తెలిసిన విద్యార్థి దీనిని చేయగలడు.

లయ కుదిరినదో లేదో తెలుపుటకు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరను చిన్న పరికరము కలదు. అది 1.5 చూపినచో పంపిన శక్తిలో నూటికి 4 వంతులు మాత్రమే వెనుకకు వచ్చుచున్నవని యర్థము. 2 చూపినచో 11 వంతులు. 3 చూపినచో 25 వంతులు. 1.5కు లోబడినచో తృప్తిపడవచ్చును. సరిగా ఒకటే కావలెనని నెలలకొలది తీగను కోయుచు కూర్చుండుట కాలమును పాడుచేసికొనుటయే.

ఎత్తును గుఱించి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. భూమికి సుమారు 250 మొదలు 350 కిలోమీటరుల యెత్తున, సూర్యరశ్మిచే విద్యుదావేశము పొందిన పొర యొకటి కలదు. దానిని అయనోస్ఫియరు అందురు. తగిన తరంగములు దానిని తాకి, పైకప్పునకు విసరిన బంతివలె క్రిందికి మఱలివచ్చును. ఏరియలు మిక్కిలి యెత్తున నున్నయెడల తరంగములు నేలకు దాపుగా, ఏటవాలుగా పోయి, ఆ పొరను దూరమున తాకి, వేల కిలోమీటరుల అవతల దిగును. అమెరికావారితో మాటలాడ గోరువారికి ఇది మేలే. కాని ఏరియలు నేలకు 6 మొదలు 10 మీటరుల యెత్తుననే యున్నయెడల, 7.1 మెగాహెర్ట్జుల తరంగములు ముఖ్యముగా నిట్టనిలువునకు పోయి, మూడు నాలుగు వందల కిలోమీటరుల లోపల నంతట వర్షమువలె దిగును.

మన సీమకు కావలసినది ఈ రెండవదే. అశ్వారావుపేటనుండి పక్షి పోవు దారిని లెక్కించినచో భద్రాచలము 50 కిలోమీటరులకు కొంచెము పైన నున్నది. రాజమహేంద్రవరము సుమారు 75, విజయవాడ సుమారు 100, హైదరాబాదు సుమారు 280 కిలోమీటరులు. ఆపదలో మనము వార్త పంపవలసిన చోట్లన్నియు ఈ వలయములోనే యున్నవి. మఱియు నడుమ గుట్టలున్నను, దట్టమైన అడవి యున్నను, వాగు లోయ యున్నను అడ్డు కాదు. తరంగము వానిమీదుగా ఆకాశమునకు పోయి పైనుండి దిగును గదా! పట్టణపు హాము లోపమని యెంచెడి తక్కువ యెత్తు అడవి హామునకు గుణ మగుచున్నది.

ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పైపొర బలము తగ్గుటచే, 7 మెగాహెర్ట్జులు సమీపపు ఊళ్ళకు అందకపోవచ్చును. అప్పుడు 3.6 మెగాహెర్ట్జులకు దిగవలెను. కనుక పెరడు విశాలముగా నున్నవారు 39.7 మీటరుల తీగను గూడ కట్టియుంచుట మంచిది.

చేతిలో పట్టుకొని మాటలాడు చిన్న యంత్రముల సంగతి వేఱు. అవి 145 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. వాని తరంగములు సామాన్యముగా పైపొరనుండి మఱలిరావు, చూపుమేరవలె తిన్నగా పోవును. వీనికి ఎత్తు నిజముగా ఉపయోగపడును. ఏరియలు ఎత్తు మీటరులలో ఎంతో, దాని వర్గమూలమును 4.12చే గుణించినచో, అడ్డు లేని బయటినేలపై తరంగము పోవు దూరము కిలోమీటరులలో వచ్చును. 9 మీటరుల యెత్తునకు 12 కిలోమీటరులకు కొంచె మెక్కువ. 36 మీటరులకు 24 కిలోమీటరులకు కొంచె మెక్కువ. అనగా దూరము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగింతలు కావలెను! ఖర్చును, అపాయమును ఏమాత్రము పెరుగునో చదువరులే యాలోచింపవలెను. ఇంటిపైన గాక, అనుమతితో దగ్గఱి గుట్టపైన నొక చిన్న ఏరియలు నిలుపుట అంతకంటె మేలు.

మన పెరటికి తగిన రూపము

డైపోలును అడ్డముగా కట్టుటకు రెండు ఎత్తైన ఆధారములు కావలెను. ఒక్క స్తంభమే యున్నవారు, తీగ నడిమిభాగమును స్తంభము కొనకు కట్టి, రెండు చేతులను ఇరుప్రక్కల ఏటవాలుగా దించవచ్చును. ఇది తిరుగవేసిన ‘వి’ అక్షరమువలె నుండును. 9 మీటరుల స్తంభము కొనవద్ద రెండు చేతులకు నడుమ 120 డిగ్రీల కోణ ముండునట్లు దించినచో, పది మీటరుల చేయి యొక్కొక్కటి అయిదు మీటరులు క్రిందికి దిగి, నేలకు నాలుగు మీటరుల యెత్తున నిలుచును. మొత్తము వెడల్పు పదునేడు మీటరులకు కొంచె మెక్కువ. పల్లెటూరి పెరటిలో ఇది సుఖముగా పట్టును. ఆ కోణమును 90 డిగ్రీలకు తగ్గనీయరాదు.

తీగ చివరలు మనుష్యులకుగాని పశువులకుగాని అందునట్లు ఎన్నడు నుండరాదు. ధ్వని పంపునపుడు ఆ చివరలవద్ద వోల్టేజి మిక్కుటముగా నుండును. తాకినచో చేయి కాలును. పిల్లలు తిరుగు ఇండ్లలో దీనిని మఱవరాదు.

చెట్లున్నవారికి స్తంభముకూడ నక్కఱలేదు. మామిడియో, వేపయో, టేకో, తాడియో ఉన్నచో అదియే స్తంభము. తాటిచెట్టునకు కట్టవలసివచ్చినపుడు తామే ఎక్కబూనక, మోకు పట్టి ఎక్కుట వృత్తిగాగల గీత పనివారిని పిలుచుట వివేకము. చెట్టునకు మేకులు కొట్టరాదు. తీగను బిగించి కట్టివేయనురాదు; గాలికి చెట్టు ఊగినపుడు తీగ తెగును. చెట్టుకొమ్మకు కప్పీ యొకటి కట్టి, త్రాటిని దాని మీదుగా దించి, చివర రాళ్ళు వేసిన బకెట్టును వ్రేలాడదీయవలెను. చెట్టు ఊగినకొలది బకెట్టు పైకి క్రిందికి పోవుచుండును. తీగ బిగువు మాఱదు. కోతులు తీగపై ఊగి దానిని తెంపుట మన ప్రాంతమున కొత్త కాదు గనుక, మెత్తని తీగకంటె గట్టి రాగి తీగయు, అదనముగా కొంత త్రాడును ఇంట నుంచుకొనుట మంచిది.

స్తంభము నిలుపుట

వెదురు స్తంభము చవుక. మొదటి యేడు చక్కగా పనిచేయును. కాని నేలలో పాతిన భాగమును చెదలు తినును, నీరు కుళ్ళించును. పాతెడి భాగమునకు తారు పూసి, ప్రతి వర్షాకాలమునకు ముందు కొట్టి పరీక్షింపవలెను.

ఇనుప గొట్టముతో చేయువారు, రెండంగుళముల జీ.ఐ. గొట్టము ఆఱు మీటరులది యొకటి క్రింద పెట్టి, ఒకటిన్నర అంగుళపు గొట్టము నాలుగు మీటరులది దానిలో ఒక మీటరు దూర్చి బోల్టులు బిగించినచో, తొమ్మిది మీటరుల స్తంభ మగును. దీనిని నిలబెట్టునది అడుగున నున్న కాంక్రీటు కాదు. నలుగడల లాగి కట్టిన స్టే తీగలు. ఇవి మూడు దిక్కులకు సమానముగా, అనగా ఒకదానికొకటి 120 డిగ్రీల దూరమున నుండవలెను. రెండంతస్తులుగా, క్రింది గొట్టపు కొనవద్ద మూడును, పై కొనకు దగ్గఱగా మూడును కట్టవలెను. నేలపై వాని గుంజలు స్తంభమునుండి దాని యెత్తులో పదింట ఏడు వంతుల దూరమున నుండుట మేలు. తొమ్మిది మీటరులకు ఇది 6.3 మీటరు లగును. గుంజలు మఱీ దగ్గఱగా నున్నచో, స్టే తీగలు స్తంభమును నిలుపుటకు బదులు క్రిందికి నొక్కి వంచును. గుంజలుగా ఇనుప కోణపు ముక్కలను స్తంభమునకు ఎదురుదిక్కుగా వాల్చి లోతుగా దింపవలెను. మెత్తని నేలయందు కాంక్రీటు దిమ్మెలో పాతవలెను. కాంక్రీటు పోసినంతనే దానిపై భారము వేయరాదు. దాని పూర్తి బలము రావలెనన్న 28 దినములు పట్టును. ఇనుప స్టే తీగలు ఏరియలు శక్తిని పీల్చకుండ వానిని నడుమ నడుమ ఇన్సులేటరులతో ఖండింపవలెను. ఎండకు చెడని మంచి ప్లాస్టికు త్రాటిని వాడినచో ఈ యక్కఱ లేదు.

ఎత్తునపుడు కనీసము అయిదుగురు కావలెను: మూడు దిక్కుల త్రాళ్ళు పట్టుటకు ముగ్గురు, మొదట కాలువద్ద నొకరు, ఎత్తువా రొకరు. ఆజ్ఞ ఇచ్చునది ఒక్కరే కావలెను. గాలి లేని ఉదయమున ఈ పని చేయవలెను. సన్నని గొట్టపు స్తంభమును ఎన్నడును ఎక్కరాదు. మరమ్మతు కావలసినచో దానిని దించి చేయవలెను. ఎక్కుటకు తగినది నాలుగు మూలల కోణపు ఇనుముతో అల్లిన టవరు మాత్రమే. దానిపై కెక్కువారు ఒడలంతయు పట్టు బెల్టును, రెండు కొక్కెములును, శిరస్త్రాణమును ధరింపవలెను, క్రింద ఎవరును నిలువరాదు, ఒంటరిగా నెక్కరాదు.

గాలి బలమును ముందే లెక్కింపవలెను. వేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగింత లగును. గంటకు 72 కిలోమీటరుల గాలి తనకు ఎదురుగా నున్న ఒక చదరపు మీటరుపై సుమారు 24 కిలోల భారముతో నెట్టును. 144 కిలోమీటరుల గాలి సుమారు 98 కిలోలతో నెట్టును. ఒక్క తీగ గాలికి దాదాపు కనబడదు. కాని 14 మెగాహెర్ట్జులకై పది మీటరుల పొడవు గొట్టములు మూడింటిని ఒక దూలముపై బిగించి త్రిప్పెడి యాగీ అను ఏరియలును స్తంభముపై నెక్కించినచో, అది తెరచాపవలె గాలిని పట్టును. ఆ కోరిక గలవారు ఇంజనీరు సలహా లేకుండ టవరు కట్టరాదు. ఏండ్ల తరబడి తీగతో పనిచేసి, తీగతో సాధ్యము కాని దేదో స్పష్టముగా తెలిసినవారే అట్టి ఖర్చునకు పూనుకొనవలెను.

రెండు ప్రాణాపాయములు

మొదటిది కరెంటు తీగ. ఏరియలు కట్టునపుడు కలుగు మరణములకు ముఖ్య కారణ మిదియే. మన ఊళ్ళలో ఇండ్లమీదుగను, చేలమీదుగను 11,000 వోల్టుల తీగలు పోవుచున్నవి. స్తంభము ఏ దిక్కున పడినను, పడుచు తన తీగను విసరినను, కరెంటు తీగను తాకని చోటనే దానిని నిలుపవలెను. దీనికి కొలత: స్తంభముయొక్క మొత్తము ఎత్తునకు ఒకటిన్నర రెట్లు. తొమ్మిది మీటరుల స్తంభమునకు సుమారు పదునాలుగు మీటరులు. అంత దూరము లేని పెరటిలో స్తంభమును తగ్గింపుడు, లేక మానుడు. కరెంటు తీగ పైగాగాని, క్రిందగాగాని ఏరియలును దాటింపరాదు. ఎత్తుచున్న స్తంభము అటువైపు వాలినచో పట్టి ఆపుటకు పోక, వదలి దూరముగా పరుగెత్తవలెను. స్తంభము పోయిన మఱియొకటి దొరకును.

రెండవది పిడుగు. ఏప్రిలు, మే నెలలలో సాయంకాలపు గాలివానలతో మన ప్రాంతమున పిడుగులు పడుట అందఱెఱిగినదే. పిడుగును ఆపుట మనతరము కాదు. దానికి నేలలోనికి దగ్గఱి దారి చూపుట మాత్రమే మన పని. స్తంభము మొదటనే 2.4 మీటరుల పొడవుగల ఎర్తు కడ్డీని నేలలో దింపి, మందమైన తీగతో, మెలికలు లేకుండ తిన్నగా, స్తంభమును దానికి కలుపవలెను. ఇంటి కరెంటు ఎర్తును గూడ దీనితో కలుపవలెను. రెండును వేఱువేఱుగా నున్నచో పిడుగు యంత్రము గుండ ఒకదానినుండి మఱొకదానికి దూకును. అన్నిటికంటె గొప్ప రక్షణకు ఖర్చు లేదు: పని ముగియగానే కేబులును యంత్రమునుండి ఊడదీసి, దాని కొనను ఇంటి వెలుపల నుంచవలెను. ఉఱుము వినబడిన పిమ్మట ఈ పనికి చేయి పెట్టరాదు. మబ్బు కనబడినపుడే చేయవలెను. వరద వార్తకైనను, నెత్తిమీద మెఱుపులు మెఱయుచుండగా యంత్రమువద్ద కూర్చుండరాదు.

కేబులు, అనుమతి, ఇరుగుపొరుగు

ఏరియలునకును యంత్రమునకును నడుమ కేబులు ఎంత పొట్టిదైన అంత మేలు. సన్నని ఆర్.జి.58 కేబులు 30 మీటరులు వేసినచో, 7 మెగాహెర్ట్జులవద్ద సుమారు నాల్గవవంతు శక్తి దానిలోనే హరించును. 145 మెగాహెర్ట్జులవద్ద నాల్గింట మూడు వంతులు పోవును! ఎత్తుకై స్తంభమును పెంచి, కేబులులో నంతయు పోగొట్టుకొనువారు కలరు. కీలువద్ద నీరు చొరకుండ టేపును గట్టిగా చుట్టవలెను. కేబులు ఇంటిలోనికి పోవుచోట క్రిందికి ఒక వంపు వదలినచో, వాననీరు గోడలోనికి పోక అచ్చటనే చుక్కలుగా రాలును.

అనుమతి లేకుండ ధ్వని పంపుట నేరము. కేంద్రప్రభుత్వపు కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖవారు జరుపు పరీక్షయం దుత్తీర్ణులై, ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగు తమ సంకేతనామమును పొందిన పిమ్మటనే మాటలాడవలెను. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలు దీనికర్హులు. అంతవఱకు వినుట నేర్చుకొనవచ్చును. విని నేర్చినవాడే మర్యాదగా మాటలాడగలడు. ఎత్తైన స్తంభము నిలుపువారు, అనుమతి పత్రమునందలి నియమములను, ఊరి పాలకవర్గపు నియమములను ముందుగా తెలిసికొనవలెను. పొరుగింటివారితో పని మొదలుపెట్టక పూర్వమే చెప్పవలెను. వారి టెలివిజనులో చారలు వచ్చినచో వాదమునకు దిగక, శక్తిని తగ్గించి, కారణమును వెదకి సరిచేయవలెను. ఆపదనాడు వార్త మోయవలసినవాడు ఆ యిరుగుపొరుగువారి నమ్మకమును ముందుగా సంపాదింపవలెను గదా!

విద్యార్థులారా, మీ పెరటిలో ఒక మామిడిచెట్టును, ఇరువది మీటరుల రాగి తీగయు, కొంత కేబులును, ఒక పాత బ్యాటరీయు ఉన్నచో మీకు కావలసినదానిలో చాలభాగ మున్నట్లే. మిగిలినవి కొలతయు, ఓర్పును, జాగ్రత్తయు. ముందుగా తీగను కొలిచి కట్టుడు, కరెంటు తీగకు దూరముగా కట్టుడు, ఎర్తు వేయుడు, పరీక్షకు చదువుడు. ఏటేట జూన్ నెల రాకమునుపే త్రాళ్ళను, కీళ్ళను, బ్యాటరీని పరీక్షించి, వారమున కొకమారైన మాటలాడి అలవాటు నిలుపుకొనుడు. గోదావరి రెండవ హెచ్చరిక దాటిన రాత్రి ఆ తీగ పనిచేయవలెనన్న, నీరు లేని వేసవిలోనే దానికి పని చెప్పవలెను.